సోమక్క ముట్టని చాకు

ఏదులబండ,
ఆదివారం.

వరంగల్ చాకుల దుకాణం రమాకాంత్‌కు, ఏదులబండ నుంచి సోమక్క రాసేది ఏమంటే, ఇక్కడ నేను బాగున్న, మేకలు బాగున్నయి, మీరంత అక్కడ మంచిగున్నరని అనుకుంటాన.

నేనెవరో యాదికి రాకపోవచ్చు. పోయిన నెల మేకల మందుల కోసం వరంగల్ వచ్చి, మీ దుకాణంల మడత చాకు కొన్న. నువ్వే చూపెట్టినవ్. కండ్లద్దాల పిలగానివి. చాకు తెరిచి మడిచి, తెరిచి మడిచి, సొంత బిడ్డను చూపెట్టినట్టు మురిసినవ్. ఆ మురిపెం చూసే కొన్న.

ముందు మంచి చెప్త. అసొంటి పదును నా చేతికి ఎన్నడు రాలే. మేకలకు గిట్టలు పెరిగితే చెక్కాలె గద, ఇదివరకు కొడవలితోని చెక్కితే మేక బెదిరేది, నేను బెదిరేది. నీ చాకుతోని చెక్కితే మేక నెమరేసుకుంట నిలవడ్డది. జనుపతాడు కోసిన, జామకాయ కోసిన, పక్కింటి కమల చీరకు అంటిన పల్లేరుకాయలు ఒక్కొక్కటి తీసిన. మడిచి బొడ్ల దోపుకుంటే ఉన్నదో లేదో తెల్వది.

ఇగ చెడ్డ చెప్త. మొన్న మా రాణికి, రాణంటే నా పెద్ద మేక, గిట్ట సందుల కంకరరాయి ఇరికింది. చాకు మొనతోని తవ్విన. రాయి రాలే, మొన వచ్చింది. టక్కుమని ఇరిగి ఏడ వడ్డదో కూడ కనవడలే. రాణి కాలు ఎత్తుకొని నా దిక్కు ఎట్ల చూసిందంటే, అది రాయడం నాతోని కాదు.

నాకెందుకింత ఫికరంటే, మా ఊరి గొర్ల మేకల సంఘానికి నేనే అధ్యక్షురాలిని. సంఘపోళ్ళందరికి ఒక్క తీరు చాకు కొనాలని తీర్మానం అయింది. బతుకమ్మ పండుగ ముంగట మీటింగు. ఏ చాకో నేను చెప్పాలె, నేను ఇది అంటే ఇదే. నీదే అందామని మనసుల ఉన్నది, గని మొన ఇరిగిన చాకును నలుగురి ముంగట పెట్టి ఏమని చెప్పాలె? ఎందుకిరిగిందో, ఇరగకుండ ఏం చేస్తవో రాయి. డబ్బ మీద నీ ఫోన్ నంబరున్నది గని, ఫోన్ల చెప్పిన మాట గాలికి పోతది, కాయితం మీది మాట నిలవడతది.

ఇట్లు,
సోమక్క

తా.క. మా ఊరి పోస్టుమ్యాన్ మహిపాల్ నాకు సొంత మరిది. మా ఇద్దరికి మాటల్లేక చాన ఏండ్లాయె. ఉత్తరాలు గోడ అవతలకెల్లి లోపలికి ఇసురుతడు, ఒకటి కుడితి గోలెంల వడ్డది. నీ జవాబు జర గట్టి కాయితం మీద రాయి.


మడికొండ,
గురువారం.

గౌరవనీయులైన శ్రీమతి సోమక్క గారికి, రమాకాంత్ నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం చదివి ముందు సంతోషించాను, తర్వాత సిగ్గుపడ్డాను, మళ్ళీ చదివి మళ్ళీ సంతోషించాను. నా చాకు ముందు మేక నెమరు వేస్తూ నిలబడిందన్న మాట కింద గీత గీసి మా పెదనాన్న రాజేశ్వర్ రావు గారికి చూపించాను. ఆయన మొన విరిగిందన్న మాట కింద గీత గీసి తిరిగి ఇచ్చారు.

దుకాణం పెదనాన్నది. ఇన్నేళ్ళూ బయటి నుంచి తెచ్చిన చాకులే అమ్మేవాళ్ళం. మీరు కొన్నది మాత్రం నేను సొంతంగా గీసుకుని, మడికొండలో చిన్న షెడ్డు పెట్టి తయారు చేసిన మొదటి రకం. దాని మీద నా పేరుంది. పెదనాన్న ఇప్పుడు ఒక మాట అనేశారు. మీ సంఘం నా చాకును ఒప్పుకుంటే షెడ్డు ఉంటుంది. ఒప్పుకోకపోతే పండుగకు షెడ్డుకు తాళం, నేను మళ్ళీ గల్లాపెట్టె ముందు.

ఇక మొన సంగతి. ఆ చాకు వెన్ను మొన దగ్గరికి వచ్చేసరికి లోపలికి వంపు తిరుగుతుంది. చూడడానికి అందం, గుచ్చడానికి చురుకు. అయితే ఆ వంపు కోసం మొన వెనకాల ఉండవలసిన ఉక్కును తీసేయాల్సి వస్తుంది. తిన్నగా గుచ్చినంత సేపు ఓర్చుకుంటుంది, పక్కకు తిప్పి పెకలిస్తే ఓర్చుకోదు. పైగా పదును ఎక్కువ రోజులు నిలవాలని ఉక్కును బాగా గట్టిగా కాల్చాను. మరీ గట్టిదైతే వంగదు, వంగనిది విరుగుతుంది. మా పెదనాన్నను చూసైనా నాకు ఈ సంగతి ఎప్పుడో తెలియాల్సింది.

కొత్త చాకులో ఆ వంపు తీసేశాను. వెన్ను పిడి నుంచి మొన దాకా మెల్లగా కిందికి దిగుతుంది, మొన కొసదాకా ఉక్కు నిండుగా ఉంటుంది. సూదిలా ఉండదు కనుక గిట్ట చెక్కేటప్పుడు మేకకు గుచ్చుకునే భయమూ తక్కువే. పలక మాత్రం సన్నగానే ఉంచాను, మీరు మెచ్చిన ఆ కోత పోకూడదని. రిజిస్టర్ పార్శిల్‌లో పంపుతున్నాను. దయచేసి చూసి చెప్పండి.

ఇట్లు,
భవదీయుడు,
రమాకాంత్

తా.క. చాకుతో రాళ్ళు పెకలించవద్దని, మరలు విప్పవద్దని డబ్బా లోపలి కాగితంలో రాశాం. ఎవరూ చదవరు. మొన్న పెదనాన్న ఆ కాగితం పక్కన పెట్టుకునే చాకుతో ఫ్యాను విప్పారు.


ఏదులబండ,
బుధవారం.

బిడ్డా రమాకాంత్‌కు, సోమక్క రాసేది.

ముందుగాల ఆ శ్రీమతి, గారు తీసెయ్. నా పేర్ల అక్క ఉండనే ఉన్నది, ఇంక మర్యాద దేనికి. భవదీయుడంటే ఎవరని కమలనడిగితే నీ ఇంటిపేరు కావచ్చు అన్నది.

నీ ఉత్తరం సంఘంల చదివి వినిపించిన. అందరికి మస్తు నచ్చింది. మొన బాగుంటే సాలదు, మొన ఎనకాల ఉక్కుండాలె అన్న మాట ఇప్పుడు ఊర్ల సామెత అయింది. మా రాయమల్లు సర్పంచుకు నిలవడతనంటే, మొన మంచిగనే ఉన్నది గని ఎనకాల ఉక్కేదిరా అని నవ్వుతాన్లు. చాకు గురించి ఇంత మనసు పెట్టి రాసినోడు ఆ చాకును ఎంత మనసు పెట్టి చేసిండో అని మొగిలమ్మ అన్నది. ఆమె ఎవ్వల్ని ఊకె మెచ్చుకునే మనిషి కాదు.

పార్శిల్ వచ్చింది. నేను తీసుకోలే. వాపస్ పంపిన.

కోపం తెచ్చుకోకు కొడుకా. అట్ల వస్తే నేనెట్ల తీసుకుంట, నువ్వే చెప్పు. ఎందుకో నీకు ఇడమర్చి చెప్పాల్నా? ఇంట్ల పెద్దోళ్ళున్నరు గద, అడుగు. తెలుసుకొని మళ్ళ పంపు. మీటింగు దగ్గరికొస్తాంది.

ఇట్లు,
సోమక్క

తా.క. మహిపాల్ పార్శిల్ పట్టుకొని గేటు అవతల నిలవడి, పార్శిలొచ్చింది అని గోడకు చెప్పిండు. నేను మా రాణి దిక్కు తిరిగి, నాకద్దని ఆయనకు చెప్పవే అన్న. ఆయన కూడ రాణి దిక్కే చూసి, అద్దంటే అద్దని సంతకం పెట్టాలె అన్నడు. రాణికి చదువు రాదు గనక నేనే పెట్టిన.


మడికొండ,
మంగళవారం.

సోమక్కకు, రమాకాంత్ నమస్కారం. గారు తీసేశాను. రెండుసార్లు రాసి, రెండుసార్లు కొట్టేశాను.

పార్శిల్ వాపస్ వచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో, తీసుకొనుటకు నిరాకరించారు అని ఉంది. అది నేరుగా దుకాణానికే వచ్చింది, పెదనాన్న చేతికే వచ్చింది. ఆయన దాన్ని కొనేవాళ్ళందరికీ వినబడేలా చదివారు. అప్పుడే బేరం కుదిరిన ఒకాయన చేతిలోని చాకును మెల్లగా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మీరు చెప్పినట్టే పెద్దవాళ్ళను అడిగాను. ఇంట్లో ఇప్పుడున్న పెద్దవాళ్ళంటే పెదనాన్నే. ఆయన చాకు తెరిచి, బొటనవేలితో పలకను అటూ ఇటూ నొక్కి, ఇది చాకా, కొబ్బరాకా అన్నారు. మేకలు కాచేవాళ్ళ చేతిలో బరువుండాలట, తెరిస్తే ఇంత మందం కనబడాలట. మీరు తీసుకోకపోవడానికి కారణం అదేనని తేల్చారు. తెల్లారి షెడ్డుకు వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

మందంలో ఒక విచిత్రం ఉందక్కా. పలకను రెండింతలు మందం చేస్తే, పక్కకు వంచినప్పుడు అది బిగుసుకుని నిలబడేది రెండింతలు కాదు, ఎనిమిదింతలు. ఇది చదువుకున్నప్పుడు పరీక్షలో రాశాను, షెడ్డులో పలకను బిగించి లాగి చూసినప్పుడు గానీ నమ్మలేదు. కానీ మందానికి ఒక గుణం ఉంది. సన్నది కోస్తుంది, మందమైనది చీలుస్తుంది. అందుకని పక్కల తీరు మార్చాను. మొదటి చాకుకు పక్కలు గుంట తీసినట్టు లోపలికి ఉండేవి, పదును అంత చురుగ్గా ఉండడానికి కారణం అదే, అంచు పెళుసుగా ఉండడానికి కారణమూ అదే. ఇప్పుడు గొడ్డలికి ఉన్నట్టు పక్కలు కాస్త ఉబ్బుగా తీశాను. అంచు వెనకాల ఉక్కు నిండుగా ఉంటుంది కనుక తుమ్మకొమ్మ మీద కొట్టినా పెచ్చు ఊడదు. కొట్టి చూశాను. నా వేలికి కట్టు ఉంది గానీ చాకుకు ఏమీ కాలేదు.

ఇది తప్పకుండా తీసుకుంటారని ఆశ.

ఇట్లు,
రమాకాంత్

తా.క. షెడ్డు అద్దెకు ఇవ్వబడును అన్న బోర్డు పెదనాన్న అప్పుడే రాయించారు. ప్రస్తుతానికి దాన్ని అక్షరాలు కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టారు. అది ఆయన మంచితనం.


ఏదులబండ,
శుక్రవారం.

బిడ్డా రమాకాంత్‌కు, సోమక్క రాసేది.

వేలికి పసుపు పెట్టు. కొబ్బరినూనెల కలిపి పెట్టు, ఉత్తగ పెడితే మండుతది.

ఎనిమిదింతల ముచ్చట చదివి నేను, మొగిలమ్మ ఇద్దరం పొయ్యి కాడ రొట్టెలు చేసి చూసినం. పల్చటి రొట్టె చెయ్యిల ఏలాడ్డది. మందం రొట్టె కట్టె తీరు నిలవడ్డది, గని నమలరాలే. నువ్వు రాసింది అక్షరమక్షరం నిజం. ఇంత తెలివి పెట్టుకొని గల్లాపెట్టె ముందు కూసుంటవా, అది జరిగే ముచ్చటేనా? మీ పెదనాయినకు నా మాటగ చెప్పు, ఆ బోర్డు చెదలకు వేయమని.

అయితే గోటితోని పోయేదానికి గొడ్డలెందుకు బిడ్డా? నేను గొడ్డలడగలే, మందమడగలే. చాకు మీద నేనొక్క మాట అన్ననా? నువ్వు ఎంత మంచిది చెయ్యి, బంగారంతోని చెయ్యి, ఇట్ల పంపితే మాత్రం నేను ముట్ట. ఇది కూడ వాపసే.

పెద్దోళ్ళనడుగు అంటే పోయి మొగాయన్ని అడిగినవా? మొగోళ్ళకేం తెలుస్తది. ఆడోళ్ళనడుగు. ఒక్క మాటల చెప్తరు.

ఇట్లు,
సోమక్క

తా.క. ఈ మాటు మహిపాల్ గేటు తీసుకొని వాకిట్లకు వచ్చిండు. ఇన్నేండ్లల్ల మొదటిసారి. రాణి కాలు ఎట్లున్నదని అడిగిండు. నన్ను కాదు, రాణినే. అది చెప్పలేదు గనక నేనే చెప్పిన, మొగిలమ్మ కొప్పు పిన్నుతోని రాయి తీసిందని. అట్లనా అన్నడు. నాతోనే అన్నడు, రాణితోని కాదు.


మడికొండ,
సోమవారం.

సోమక్కా, నమస్కారం.

పుస్తకాల భాష ఇగ నాతోని అయితలేదు. నేను కూడ వరంగల్‌ల పుట్టినోన్నే, సీదా రాస్తున్న.

రెండో పార్శిల్ కూడ ఎర్ర సిరాతోని వచ్చింది. పెదనాన్న ఈసారి చదవలేదు. బోర్డు మీది దుమ్ము తుడిచిండు. ఆయన చదివి తిట్టినా బాగుండేది.

ఆడోళ్ళనడగమన్నవు. మా అమ్మ సుగుణ ఇక్కడ లేదు, చెల్లె సుభాషిణికి బిడ్డ పుట్టిందని హైదరాబాద్ పోయింది. ఇంట్ల నా భార్య వినోద ఒక్కతే. ఇక్కడ ఐటీ పార్కుల పనిచేస్తది. అక్క నా చాకు ఎందుకు తీసుకుంటలేదు, ఆడదానివి కదా చెప్పు అన్న. ఆమె చాకును రెండుసార్లు తెరిచి మడిచి చూసింది. ఇది పని నడుమ మడతపడి వేళ్ళ మీద పడితే అని భయమైతది, ఆమె భయం అదే కావచ్చు అన్నది. నాకు నెత్తి మీద మొట్టికాయ పడ్డట్టయింది. మొన చూసిన, మందం చూసిన, అసలు మడత చాకుకు ప్రాణం ఎక్కడుందో మర్చిపోయిన.

మడత చాకు పలక ఎంత గట్టిదైనా, అది పిడిల తిరిగే మేకు కాడ బలహీనమైతే లాభం లేదు. పలక ఎంత పొడుగుంటే ఆ మేకు మీద అంత ఒత్తిడి, గునపంతోని బండను లేపినట్టు. అందుకే పలకను కురచ చేసిన. పిడిలోపలికి పోయే మొదలు వెడల్పు చేసిన. మేకు లావు చేసిన. తెరవంగనే వెనక గట్టి పట్టీ వచ్చి మొదట్ల ఉన్న గాడిల కూసుంటది, బొటనవేలితోని నొక్కితేనే మడతపడుతది. ఇద్దరు పనోళ్ళు, నేను, ఒకరి తర్వాత ఒకరం దాని మీద నిలబడ్డం. చాకు కదలలేదు. పెదనాన్న కూడ ఎవ్వరు చూడకుండ ఒకసారి నిలబడ్డడు.

కాని ఒక మాట దాచను. ఇది మొద్దు మొన, మందపు పలక, లావు మేకు, అన్నీ కలిసిన చాకు. జేబుల పెడితే జేబు చినిగింది. దీంతోని జామకాయ కోస్తే కాయ తెగలేదు, నలిగింది. బలమంతా వచ్చింది, చాకుతనం పోయింది.

అందుకే ఈసారి మూడు రకాలూ కలిపి పంపుతున్న. మీటింగుల అందరు చేతిల పట్టుకొని చూసేటట్టు ఒక్కో రకం డజన్ల కొద్ది చెక్కపెట్టెల పెట్టిన. ఏది నచ్చితే అది. ఏదీ నచ్చకపోతే అదే రాయి, కాని ఎందుకో ఒక్క ముక్క రాయక్కా. షెడ్డు పోతే పోయింది. నేను చేసినదాంట్ల తప్పేందో తెల్వకుండ జీవితమంతా గల్లాపెట్టె ముందు కూసునుడు నాతోని కాదు.

ఇట్లు,
రమాకాంత్

తా.క. పెట్టె తూకం వేసిన పోస్టాయన, ఇందుల ఏ దేవుణ్ణి పంపుతున్నవని అడిగిండు. సోమక్కను మెప్పించే దేవుడు ఉంటే ఆయన్నే పంపుదు అన్న.


ఏదులబండ,
శనివారం.

నా కొడుకు రమాకాంత్‌కు, సోమక్క దీవించి రాసేది.

పెట్టె ముట్టింది. నేను తీసుకున్న. ముందుగాల కూసోని మంచినీళ్ళు తాగు, తర్వాత చదువు.

నీ చాకులల్ల ఏ తప్పు లేదు. కత్తిని చేతిలకెల్లి చేతిలకు ఇయ్యొద్దు, అట్ల ఇస్తే ఇచ్చినోళ్ళకు తీసుకున్నోళ్ళకు చెడుతది. కింద పెట్టాలె, రెండోవాళ్ళు ఎత్తుకోవాలె. మా దిక్కు చంటిపిల్లలకు కూడ తెలిసిన ముచ్చట. దుకాణంల నువ్వు బల్ల మీద పెట్టిచ్చినవ్, నీకూ తెలుసనుకున్న. నీకు తెల్వది, మీ పెదనాయినకు తెల్వది, నీ భార్యకు తెల్వది. నీ పార్శిలేమో మహిపాల్ చేతిల వచ్చె. కింద పెట్టమంటే సర్కారు పార్శిల్ మట్టిల పెట్టరాదంటడు, చేతికే తీసుకొని సంతకం పెట్టమంటడు.

వేరేటోళ్ళ చేతిలకెల్లి అయితే ఏదో మొక్కుకొని తీసుకుందు. ఆయన చేతిలకెల్లి తీసుకోలేను బిడ్డా. మా ఆయన కాలం చేసిన ఏడు, మేకల పందిరి వేసేటప్పుడు మహిపాల్ కొడవలి నా చేతికే ఇచ్చిండు, పని తొందరల నేను తీసుకున్న. ఆ వారంలనే బోరు నీళ్ళ కాడ మాట మాట పెరిగింది, అంతే, ఇగ రాలేదు. ఊర్ల నన్ను వదినా అని పిలిచే మనిషి ఆయనొక్కడే ఉండె. ఇన్నేండ్లు ఆ పిలుపు లేక ఇల్లు బోసిపోయింది. ఆయన గేటు కాడిదాక వచ్చిన దినమే, అదే చేతిలకెల్లి ఇంకో కత్తి తీసుకొని ఉన్నది కూడ తెంపుకుంటనా?

నీకు ఇడమర్చి రాద్దామని రెండో పార్శిల్ అప్పుడే కాయితం తీసిన. రాస్తే నువ్వు బస్సుల పంపుతవు, ఇగ ఆయన రాడు. కాయితం మడిచి పెట్టిన. ఆడోళ్ళనడుగు అని మాత్రం రాసిన, నీ షెడ్డు మీద పాపం అనిపించి. ఇగ సంగతి తెలిసిపోతది, పార్శిళ్ళు బందు అని ఆ దినం నాకు బుగులు వట్టింది. నీ భార్య మేకు సంగతి చెప్పిందని చదివి నేను నవ్విన నవ్వుకు మేకలు దొడ్డి దుంకినయి. ఆ పిల్ల సల్లగుండాలె.

ఇగ పెట్టె సంగతి. మహిపాల్ దాన్ని భుజం మీద మోసుకొని అరుగు దాక వచ్చిండు. చేతికి తీసుకో అన్నడు. కింద పెట్టు అన్న. పెట్ట అన్నడు. నేను నిలవడ్డ, ఆయన నిలవడ్డడు. నీ మూడో చాకుల బరువు అప్పుడు పనికొచ్చింది. మెల్లగ మోచేతులు వణకవట్టినయి, చెమటలు కారుతానయి, పంతం మాత్రం ఇడుస్తలేడు. ఆఖరుకు ఇగ ఆగలేక పెట్టెను అరుగు మీద దించి, నడుం పట్టుకొని, "ఇందుల ఏం పెట్టిండు వదినా, బండలా?" అన్నడు.

వదినా అన్నడు.

అన్నంక ఆయనకు కూడ తెలిసింది ఏమన్నడో. పెట్టె ఎత్తుదామంటే నా ఒక్కదానితోని లేవలే, ఆయనే ఒక దిక్కు పట్టి లోపల పెట్టిండు. నేను ఏడ్చిన. దాచుకునుడెందుకు, ఆయన కూడ ఏడ్చిండు. తర్వాత నేను వండిన చిక్కుడుకాయ కూర తిని, ఉప్పెక్కువైందన్నడు. ఎప్పుడు అదే మాట అనేటోడు.

మీటింగు నిన్న అయింది. చాకులన్ని చాప మీద పెట్టి, ఎవ్వలకు వాళ్ళే ఎత్తుకొని చూసిన్లు. గిట్టలు చెక్కిన్లు, తాళ్ళు కోసిన్లు. అందరు ఒక్కమాట మీద నీ మొదటి పార్శిల్ చాకే కావాలన్నరు. సన్నటి పలక, నిండు మొన, దానిని మించింది లేదు. రాయమల్లు లాంటి మండలు కొట్టేటోళ్ళు కొందరు గొడ్డలి బుగ్గలది అడిగిన్లు. ఆ చాకు తుమ్మమండను ఎట్ల కొట్టిందో చూసి మొగిలమ్మ నోటి మీద చెయ్యేసుకున్నది. బోర్డు ఇగ పొయ్యిల వెట్టుమను మీ పెదనాయిన్ని.

మూడోది సంఘంల ఎవ్వరికి వద్దు. మహిపాల్ అడిగిండు. దేనికి అంటే, ఏమో వదినా, దీనితోనే కద అన్నడు. ఆయన చేతికి ఇయ్యలే. అరుగు మీద పెట్టిన, ఎత్తుకున్నడు.

నువ్వు ఇంక ఎన్ని చాకులు చేస్తవో, ఎంత పేరు తెచ్చుకుంటవో నాకు తెల్వది. కోయరాని చాకు ఒకటి చేసి మా ఇంట్ల తెగినదాన్ని అతుకు పెట్టినవ్. అసొంటి పనోన్ని నేనింక చూడలే.

ఇట్లు,
నీ సోమక్క

తా.క. సంఘం చాకులు అన్ని ఒక్క పెట్టెల పంపకు. ఒక్కొక్క మనిషి పేరు మీద ఒక్కొక్కటి, మా ఇంటి అడ్రసుకే, రిజిస్టర్ పార్శిల్. వారానికి ఒకటి పంపితే సాలు. సంఘపోళ్ళకు నేను చెప్పుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు. ఇన్నేండ్ల ముచ్చట్లున్నయి, ఒక్క పార్శిల్‌తోని అయిపోవు.